నీళ్లు నిలవని టాంకు

ఆ వీధిలో అందరూ ఆమెను టాంకుల వదిన అనేవాళ్లు. వరసకు వదిన కానివాళ్లూ అలాగే పిలిచేవాళ్లు, ఆమె కన్నా ఇరవై ఏళ్లు పెద్దవాళ్లూ అలాగే పిలిచేవాళ్లు. పెట్రోలు టాంకులు, రేడియేటర్లు బాగుచేసే ఆ షెడ్డు నిజానికి ఆమె మామగారిది. కొడుక్కి పని నేర్పాలని ఆయన నానా తంటాలూ పడ్డాడు కాని, ఆ కొడుక్కి బండి కింద పడుకోవడం కన్నా బండి తోలుకుంటూ పోవడమే నచ్చింది. లారీ ఎక్కాడంటే నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. "నా చెయ్యి కొడుక్కి రాలేదు, ఎక్కడినుంచో వచ్చిన కోడలికి వచ్చింది" అని మామగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆయనకు చూపు పోయి నాలుగేళ్లయింది. వెలుగు, నీడ తప్ప మరేమీ తెలియదు. అయినా పొద్దున్నే వచ్చి తలుపు పక్కన ఇనుప కుర్చీలో కూర్చుంటాడు. వచ్చిన టాంకును వేలి కణుపుతో తట్టి, రేకు ఎక్కడ పలచబడిందో, తుప్పు ఎక్కడ పేరుకుందో చెప్పేస్తాడు. రెండు కళ్లూ ఉన్న తనకు దొరకని చిల్లి ఆయన చెవికి దొరుకుతుంటే వదినకు ఒక్కోసారి ఉక్రోషం కూడా వచ్చేది.

ఒక రోజు మధ్యాహ్నం డ్రాయింగ్ మాస్టారు ఒక పాత నల్ల కారును ట్రాక్టరుకు కట్టించి లాక్కొచ్చాడు. మాస్టారు బడిలో బొమ్మలు నేర్పి ఆ మధ్యే రిటైరైన మనిషి, ఆ వీధిలో సగం మందికి గురువు. కారు వెనకభాగం బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంది. ముందు దీపాలు రెండూ గుడ్లు వెళ్లబెట్టినట్టు బయటికి పొడుచుకొచ్చాయి. ఒళ్లంతా దుమ్ము.

"ఇంజను మెకానిక్ చూశాడమ్మా, ప్రాణం ఉందన్నాడు. టాంకు మాత్రం మీ దగ్గరికే తీసుకెళ్లమన్నాడు" అన్నాడు మాస్టారు.

"ఎన్నాళ్లయింది ఇది రోడ్డెక్కి?"

"నలభై ఒక్క ఏళ్లు."

లెక్క వేసుకోకుండానే చెప్పేశాడు. వదిన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మీదేనా మాస్టారూ?" అంది.

"మా అన్నయ్యది. ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. ఇన్నేళ్లూ నడిచాడు, ఏ బండీ ఎక్కడు. ఆటో ఎక్కమంటే కోపం. కనీసం తన కారైతే ఎక్కుతాడేమోనని..."

"అదేం పంతం?"

మాస్టారు జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి నోట్లో వేసుకుని, చప్పరిస్తూ వెళ్లిపోయాడు.

కారు వెనక అడుగున రెండు ఇనుప పట్టీలతో బిగించి ఉంది టాంకు. నట్లు తుప్పుతో ఒకటైపోయాయి. వదిన నూనె పోసి, గంటసేపు ఆగి, చివరికి రంపంతో కోసి దించింది. బండెడు తుప్పు ఆమె జుట్టులో రాలింది. టాంకు మూత తిప్పి తీసేసరికి చురుక్కుమని ముక్కుకు తగిలింది వాసన.

కుర్చీలో కునుకుతున్న మామగారు తల ఎత్తాడు. "ఎవరైనా పెట్రోలు ఒలకబోశారా?"

"లేదు మామయ్యా. మాస్టారి టాంకు మూత తీశాను. లోపల చుక్క లేదు."

"పిచ్చిదానా, నలభై ఏళ్ల పెట్రోలయితే వార్నిషు కంపు కొట్టాలి. ఇది ఇవాళ పొద్దున తీసిన పెట్రోలు వాసన."

వదిన టార్చి వేసి లోపలికి చూసింది. ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా పొలుసుకట్టి ఉంది, చుట్టూ ఎండిపోయి ఉంది. వాసన మాత్రం అప్పుడే ఎవరో సీసాలోకి వంచుకుపోయినట్టు పచ్చిగా ఉంది.

ఆ పని చేసేవాళ్లకు మొదట నేర్పే పాఠం ఒకటుంది: నిండు టాంకుకు కాదు, ఖాళీ టాంకుకు భయపడాలి. కంటికి కనిపించని ఆవిరి లోపల ఉండిపోతుంది, నిప్పు చూపిస్తే షెడ్డుతో సహా ఎగిరిపోతుంది. అందుకని వదిన రెండు రోజులు సబ్బునీళ్లతో కడిగింది. వేడినీళ్లు పోసి, వంచి, మళ్లీ పోసింది. తరువాత లోపల పిడికెడు కంకర, మూర పొడవు గొలుసు వేసి, టాంకును తాళ్ల ఉయ్యాలలో పెట్టి ఊపింది. లోపలి తుప్పు ఊడాలంటే అదే మార్గం. ఆ చప్పుడుకు పక్క టీ కొట్టువాడు చెవుల్లో దూది పెట్టుకుని వచ్చి, "వదినా, నీ టాంకు బాగుపడేలోపు నా చెవులకు నువ్వే టంకం వేయాలి" అన్నాడు.

మూడో రోజు గొలుసు బయటికి తీస్తుంటే తుప్పు రజనుతో పాటు జానెడు రబ్బరు గొట్టం ముక్క జారి పడింది. ఎర్ర గొట్టం. పెట్రోలులో నాని నాని ఎప్పుడో జిగురైపోవాల్సిన వస్తువు, మెత్తగా, కొత్తగా ఉంది. ఒక చివర పంటిగాట్లున్నాయి. వదిన దాన్ని తుడిచి కిటికీలో పెట్టింది.

అడుగున అతుకు వెంబడి పదకొండు చిల్లులు తేలాయి. ఒక్కొక్క దాని చుట్టూ రేకు మెరిసేదాకా గీకి, ఆమ్లం రాసి, కాల్చిన కడ్డీతో టంకం వేసింది. కరిగిన టంకం అతుకులోకి పాకి, వెండిచారలా నిలిచింది. కన్నాలన్నీ రబ్బరు బిరడాలతో మూసి, సైకిలు పంపుతో గాలి కొట్టి, పైనంతా సబ్బు నురగ రాసింది. ఎక్కడా ఒక్క బుడగ లేవలేదు. మామగారు కణుపుతో తట్టి విని, "గంటలా ఉంది. ఇక దీనికి నూరేళ్లు" అన్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి టాంకును బల్ల మీద పెట్టి, మెడదాకా నీళ్లు పోసి, మూత బిగించి, సరుకు తేవడానికి వెళ్లింది. పదకొండుకు వచ్చి చూస్తే లోపల చుక్క లేదు.

బల్ల పొడిగా ఉంది, కింద సిమెంటు పొడిగా ఉంది.

"మామయ్యా, టాంకు ఎవరైనా వంచారా?"

"నేనిక్కడే ఉన్నానుగా. ఎవరూ రాలేదు. పదింటికి ఎవరో నీళ్లు తాగినట్టు చప్పుడైంది, నువ్వే వచ్చావనుకున్నా."

ముప్ఫై లీటర్ల నీళ్లు. వదిన తన పనితనం మీదే అనుమానపడింది. మళ్లీ గాలి కొట్టింది, మళ్లీ నురగ రాసింది. ఒక్క బుడగ లేదు. మర్నాడు నీళ్లు నింపి, మూతకు టేపు చుట్టి, బల్ల చుట్టూ సుద్దపొడి చల్లి, తానే ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఎండ తలుపులోంచి పడి షెడ్డు సగందాకా వచ్చింది. బయట పిల్లలు బడికి పోతున్నారు. ఎవరో మంచం కోళ్లకు మేకులు కొడుతున్నారు. భయపడటానికి ఏ రకంగానూ వీలులేని పొద్దు.

పది గంటలకు టాంకులోంచి చప్పుడు వచ్చింది. మొదట మూడు చిన్న గుటకలు, ఆగి ఆగి. గొట్టానికి నోరు పెట్టి గాలి లాగితే ఎలా ఉంటుందో అలా. తరువాత బొళబొళమని ధార. ఎక్కడినుంచో ఎక్కడికో పోతున్న ధార. టాంకు లోపల నీటిమట్టం దిగుతున్న చప్పుడు రేకు వెంబడి స్పష్టంగా కిందికి జారింది. అంతలో ఎవరో పొలమారి దగ్గారు. పడుచు గొంతు. ఖళ్లు ఖళ్లుమని దగ్గి, థూ అని ఉమ్మేశారు.

వదిన స్టూలు మీదనుంచి లేవలేకపోయింది.

"అమ్మాయ్" అన్నాడు మామగారు మెల్లగా. "బల్ల పక్కన గొంతుక్కూచున్నది ఎవరు?"

"ఎవరూ లేరు మామయ్యా."

"నీడ ఉందే."

వదిన చూసింది. బల్ల ఉంది, టాంకు ఉంది, తలుపులోంచి పడిన ఎండ ఉంది. సుద్దపొడి మీద చీమ నడిచిన గుర్తు కూడా లేదు. మామగారి గుడ్డి కళ్లు మాత్రం బల్లకు కుడిపక్కన, మోకాలి ఎత్తున, ఒకేచోట నిలిచి ఉన్నాయి. కాసేపటికి ఆ చూపు కదిలింది, ఎవరో లేచి నడిచిపోతుంటే వెంట వెళ్లినట్టు తలుపు దాకా వెళ్లి ఆగింది.

"పోయింది" అన్నాడు.

టేపు చుట్టినట్టే ఉంది. విప్పి చూస్తే టాంకు ఖాళీ.

ఆ మధ్యాహ్నం మాస్టారు వచ్చాడు. వదిన ఏ సంగతీ చెప్పకముందే ఆయన చూపు కిటికీలో ఉన్న ఎర్ర గొట్టం మీద పడింది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పంటిగాట్లున్న చివర బొటనవేలితో తడిమాడు.

"ఇదెక్కడిది?"

"టాంకులో దొరికింది. కూర్చోండి మాస్టారూ, చెప్పాల్సింది ఇంకా ఉంది."

ఆమె చెప్పింది. పది గంటలు, మూడు గుటకలు, ధార, దగ్గు. దగ్గు అనేసరికి మాస్టారు అరచేత్తో నోరు మూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా కదలకుండా అలాగే కూర్చున్నాడు. మామగారు ఆయన వైపు ముఖం తిప్పాడు. మాస్టారే నోరు విప్పాడు.

"నాకప్పుడు పంతొమ్మిది. పక్క ఊళ్లో ఫుట్‌బాల్ ఫైనల్. స్నేహితుడి మోటారుసైకిలుంది, పెట్రోలు లేదు. ఆ రోజు బంకులు బందు. కాలేజీ ల్యాబులోంచి తెచ్చిన గొట్టం నా దగ్గరుంది. పొద్దున పదింటికి, అన్నయ్య కారులోంచి ఒక్క సీసా తీసుకుందామనుకున్నా. ధార మొదలయ్యాక స్నేహితుడు ఇంకో సీసా, ఇంకో డబ్బా తెచ్చాడు. పంటితో కొరికి పట్టుకున్న చోట గొట్టం తెగి, ముక్క లోపలే పడిపోయింది. నోట్లోకి పోయింది పెట్రోలు. దగ్గు."

"ఊఁ" అన్నాడు మామగారు.

"దగ్గు విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఏంరా, పొలమారిందా, ఎవరు తలుచుకుంటున్నారో నిన్ను అని నవ్వింది. గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. నా నెత్తి మీద తట్టింది. సీసాలు వెనక దాచేసుకుని తాగాను."

బయట మంచం కోళ్లవాడి మేకుల చప్పుడు వినిపిస్తోంది.

"మూడింటికి అమ్మకు గుండెల్లో నొప్పి వచ్చిందట. అన్నయ్య కారులో వేసుకుని బయల్దేరాడు. ఆసుపత్రి ఏడు కిలోమీటర్లు. నాలుగు పోయాక కారు ఆగిపోయింది. మిగతా మూడూ వీపున వేసుకుని పరిగెత్తాడు. గేటు దాకా చేరలేదు. నేను సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను, మావాళ్లు గెలిచారని. వాకిట్లో జనం ఉన్నారు."

"మీ అన్నగారికి చెప్పలేదా?" అంది వదిన.

"అందరూ అన్నయ్యనే అన్నారు. పెట్రోలు చూసుకోకుండా తల్లిని బండెక్కించాడు అన్నారు. మొన్నే పోయించాను, మొన్నే పోయించాను అని ఆయన అందరి ముఖాలూ చూస్తూ చెప్పాడు. నా ముఖం కూడా చూశాడు. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్లకు ఆయనే నమ్మడం మానేశాడు. నేనే మరిచిపోయుంటానురా అన్నాడు నాతో. ఆ కారు షెడ్డులో పెట్టి తాళం వేశాడు. అప్పటినుంచీ నడకే."

"నేను రేకుకు టంకం వేస్తాను మాస్టారూ. ఇది రేకులో ఉన్న చిల్లి కాదు" అంది వదిన.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు" అన్నాడు మామగారు. "ఈ నీరు ఏ పల్లానికి పోతోందో మీకు తెలుసు బాబూ. రేపు పదింటికి మీ అన్నగారిని తీసుకురండి."

మాస్టారు తల ఊపాడు. కాని మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

వదిన టాంకులో నీళ్లు పోయడం మానేసింది. అయినా పది కాగానే చప్పుడు వచ్చేది. లోపల ఏమీ లేదు కనుక ఉత్త గాలి లాగుతున్న చప్పుడు, బొంగురుగా, ఆకలిగా. మూడో రోజు అంతకన్నా పెద్ద ముప్పు వచ్చిపడింది. గోడవారగా ఒక ట్రాక్టరు టాంకు, రెండు రేడియేటర్లు పరీక్ష కోసం నీళ్లతో ఉన్నాయి. పది దాటాక చూస్తే మూడూ ఖాళీ. మామగారు తాగడానికి పక్కన పెట్టుకున్న చెంబు కూడా ఖాళీ.

ఆయన చెంబును బోర్లించి చూపించి, "అమ్మాయ్, దీని సంగతి ఇవాళే చూడు. రేపు ఎవరి టాంకు మీదికి పోతుందో" అన్నాడు.

వదిన చేతులు కడుక్కుని మాస్టారి ఇంటికి వెళ్లింది. కారు తీసుకుపొమ్మని చెప్పాలనే బయల్దేరింది. తలుపు తీసింది మాత్రం పెద్దాయన. పొడుగాటి మనిషి, వంగిన నడుము, చేతికర్ర. ఒకప్పుడు నూలు మిల్లులో వంద మందిని అదిలించిన ఫోర్‌మన్. ఆయన చెప్పులు గడప పక్కన ఉన్నాయి, మడమల దగ్గర కాగితంలా అరిగిపోయి.

"టాంకులమ్మాయివి నువ్వేనా? మా వాడు చెప్పాడు. అయిపోయిందామ్మా పని?"

ఆయన వెనక నడవలో మాస్టారు కనిపించాడు. చేతిలో పేపరు పట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. వదిన ఒక్క క్షణం తటపటాయించింది. పరాయి ఇంటి గొడవ. ఒక మాట అంటే అన్నదమ్ములు విడిపోతారు, అనకపోతే ఈ పెద్దమనిషి చేయని తప్పును మోస్తూ పోతాడు.

"అయింది. కాని మీరొచ్చి ఒకసారి చూడాలండి. రేపు పది లోపు. కారు మీది కదా" అంది.

మర్నాడు తొమ్మిదిన్నరకు పెద్దాయన కర్ర టకటకలాడించుకుంటూ నడిచి వచ్చాడు. పది అడుగుల వెనక మాస్టారు. వదిన పెద్దాయనకు స్టూలు వేసింది. టాంకు నిండా నీళ్లు పోసింది. పెద్దాయన టంకం అతుకును వేలితో రాసి చూసి, "బాగా చేశావమ్మా. మా మిల్లులో కూడా ఇంత శుభ్రంగా చేసేవాళ్లు లేరు" అన్నాడు. మాస్టారు తలుపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

పది కొట్టింది. మూడు గుటకలు. ధార.

పెద్దాయన బల్లకేసి చూశాడు. కింద చూశాడు, తడి లేదు. "ఇదేమిటమ్మా, ఎక్కడికి పోతోంది?" అంటుండగానే దగ్గు వచ్చింది.

ఆయన ముఖం మారిపోయింది. భయం కాదు, ఏదో గుర్తుపట్టినట్టు తల పక్కకు వంచాడు.

"ఇది మా తమ్ముడి దగ్గు" అన్నాడు. "వాడికి చిన్నప్పుడు ఉబ్బసం. రాత్రిళ్లు నేనే కూర్చోబెట్టి వీపు రాసేవాణ్ణి. నూరు మంది దగ్గినా పోల్చుకుంటా."

అంతలో ఇంకొక చప్పుడయింది. అది వదిన కూడా అంతకుముందు వినలేదు. సిమెంటు నేల మీద లోహపు గ్లాసు పెట్టిన చప్పుడు. టక్. ఆ వెంటనే చీర కుచ్చిళ్లు నేలకు రాసుకుంటూ వెనక్కి పోయిన సవ్వడి.

తలుపు దగ్గర మాస్టారు మోకాళ్ల మీద కూలబడిపోయాడు. "అన్నయ్యా, నేనే తీసింది" అన్నాడు.

ఆ తరువాత అన్నీ చెప్పాడు. నేలకేసి చూస్తూ, ఒక్కొక్క మాటే కక్కినట్టు చెప్పాడు. పెద్దాయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక అడిగాడు.

"ఎంత తీశావు?"

"రెండు సీసాలు, ఒక డబ్బా."

"మొన్నే పోయించానని చెప్పాను అందరికీ."

"చెప్పావు."

"నువ్వక్కడే ఉన్నావు అప్పుడు."

"ఉన్నాను."

"నీ ముఖం చూశాను కూడా."

పెద్దాయన కర్ర అందుకుని లేచాడు. తమ్ముడి పక్కనుంచి, అతని ఒళ్లు తగలకుండా పంచె పక్కకు లాక్కుని దాటి, వీధిలోకి వెళ్లిపోయాడు. మలుపు దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

వదినకు టాంకు గుర్తొచ్చి చూసింది. చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. నీళ్లు జానెడు దిగి అక్కడే నిలిచిపోయి ఉన్నాయి. మర్నాడూ అక్కడే ఉన్నాయి. మామగారు పదింటికి బల్ల వైపు ముఖం పెట్టి కూర్చుని, "నీడ లేదు" అన్నాడు.

ఆమె టాంకును ఆరబెట్టి, కారు కింద కొత్త పట్టీలతో బిగించింది. ఇంజను మెకానిక్ వచ్చి నడిపి చూసి వెళ్లాడు. కారు కోసం మాత్రం ఎవరూ రాలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఒక్క మాటా అనుకోవడం లేదనీ, పెద్దాయన తన కంచం తానే కడుక్కుంటున్నాడనీ టీ కొట్టువాడు మోసుకొచ్చాడు. వదినకు ఆ రాత్రి అన్నం సహించలేదు. లారీ దిగి వచ్చిన భర్తతో, "నేను పిలవకపోతే బాగుండేదేమో" అంది. అతను ఆలోచించి, "చిల్లున్న టాంకును రంగు వేసి ఇచ్చేదానివా ఎప్పుడైనా?" అన్నాడు.

తొమ్మిదో రోజు మూడు గంటలకు పెద్దాయన ఒక్కడే వచ్చాడు.

"నీకు తోలడం వచ్చా అమ్మా?"

"వచ్చండి. మా ఆయన నేర్పాడు."

"పాత ఆసుపత్రి దాకా తీసుకెళ్తావా?"

ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. నలభై ఒక్క ఏళ్ల తరువాత బండెక్కిన మనిషి, డాష్‌బోర్డును రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టాడు. కారు సాఫీగానే పోయింది. ఊరు దాటాక రోడ్డుకు అటూ ఇటూ ఇటుక గోడలు, గోదాములు వచ్చాయి. ఒక సిమెంటు మైలురాయి దగ్గర, "ఇక్కడ ఆపు" అన్నాడు.

దిగి వెనక తలుపు తెరిచాడు. తెరిచి, పక్కకు జరిగి నిలబడ్డాడు. నాలుగైదు ఊపిరుల సేపు అలాగే ఉన్నాడు. ఎండ తెల్లగా కాస్తోంది, లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. వదిన స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తోంది. అప్పుడు కారు వెనకభాగం మెల్లగా కుంగింది. స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఎవరో కూర్చుని, సర్దుకుని, వెనక్కి వాలినట్టు.

పెద్దాయన తలుపు నెమ్మదిగా మూశాడు, వేళ్లు నలుగుతాయేమోనని జాగ్రత్తపడే మనిషిలా. వచ్చి ముందు కూర్చుని, "పద" అన్నాడు.

వదిన అద్దంలో చూడకూడదనుకుంది. చూసింది. వెనక సీటు ఖాళీగా ఉంది. దాని తోలు మాత్రం ఒకచోట గుంటపడి ఉంది. గతుకు వస్తే తనకు తెలియకుండానే వేగం తగ్గించింది. పెద్దాయన ఒకే ఒక్కసారి తల కొంచెం వెనక్కి తిప్పి, "వచ్చేశామమ్మా. ఇంకెంతో లేదు" అన్నాడు. ఆ మాట తనతో అన్నది కాదని వదినకు తెలుసు.

మూడు కిలోమీటర్లు. ఆసుపత్రి ఎప్పుడో వేరేచోటికి మారిపోయింది, ఆ భవనంలో ఇప్పుడేదో ఆఫీసు నడుస్తోంది. గేటు దగ్గర కాపలావాడు లేచి వచ్చి, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

"ఎవరూ వద్దు బాబూ. దించడానికి వచ్చాం" అన్నాడు పెద్దాయన.

వెనక తలుపు తెరిచాడు. కారు అంగుళం పైకి లేచింది. కాపలావాడు ఎందుకో ఒక అడుగు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. తరువాత తానెందుకు తప్పుకున్నాడో తనకే తెలియనట్టు వెనక్కి తిరిగి మెట్లకేసి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

పెద్దాయన చేతులు జోడించలేదు, ఏడవలేదు. వీపు మీద బరువు దించినవాడిలా భుజాలు రెండూ ఒకసారి ఆడించి, కారెక్కాడు. ఇంటి ముందు కారు ఆగేసరికి మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి పోవాలో ఎదురు రావాలో తెలియక.

పెద్దాయన దిగి, ఆయన ముందు ఆగి, "అమ్మను దించి వచ్చాను" అన్నాడు. తొమ్మిది రోజుల్లో తమ్ముడితో అన్న మొదటి మాట అదే. అని, లోపలికి వెళ్లాడు. తలుపు వేయలేదు.

క్షమించాడో లేదో వదినకు తెలియదు. అడిగే చనువు ఎవరికీ లేదు. మోకాళ్ల వైద్యానికి వారానికి రెండుసార్లు ఆ నల్ల కారు వీధిలోంచి పోతుంది. తమ్ముడు తోలతాడు, అన్న పక్కన కూర్చుంటాడు. కాని బయల్దేరే ముందు ప్రతిసారీ పెద్దాయన కారు వెనక్కి నడిచి, మూత తీసి, సన్నటి వెదురుపుల్ల టాంకులో ముంచి పైకి తీస్తాడు. తడి ఎంతదాకా ఉందో వెలుతురుకు పెట్టి నిదానంగా చూస్తాడు. అంతసేపూ మాస్టారు తాళాలు చేత్తో పట్టుకుని, తల దించుకుని పక్కనే నిలబడి ఉంటాడు. పుల్ల తుడిచి దాచుకున్నాక, "సరే, పద" అంటాడు పెద్దాయన.